బావి నడుమ గోడ

నా చిన్నప్పుడు ఆ కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది సముద్రపు ఒడ్డు వైతికుప్పం నుంచి చేపలు తెచ్చే ఆమె. తలమీద తట్టయినా దించకుండా వీధి గుమ్మంలో నిలబడి, తమిళమూ తెలుగూ కలిపిన తన మాటలో, "ఏమ్మా, మీ పక్కింట్లో ఇటికెలు దిగతాండాయి. రేపు పొద్దున మీ బావి నడుమ మనిషెత్తు గోడ లేపతారంట. మేస్త్రీనే చెప్పినాడు. మీకు తెలవదా?" అంది.

అమ్మ చేతిలోని చేట అట్లాగే ఆగిపోయింది. ఆ రోజు చేపలు కొన్నామో లేదో నాకు గుర్తు లేదు.

పుదుచ్చేరిలో మా వీధి ఇళ్లు ఒకదానికొకటి భుజాలు ఆనించుకొని ఉండేవి. మా ఇల్లూ పక్కిల్లూ ఏనాడో ఒకే ఇల్లట. ఎవరో పంచుకున్నప్పుడు గదులు పంచారు, పెరడు పంచారు, బావిని ఎలా పంచాలో తెలియక ఒక ఉపాయం చేశారు. పెరటి నడిమి గోడ బావి గట్టు దాకా వచ్చి ఆగేది. అక్కడి నుంచి బావి నోటికి అడ్డంగా పొడుగాటి రాతి బండ పరిచి, దాని మీద నా నడుమంత ఎత్తున సన్న గోడ కట్టారు. ఈ పక్క మా గిలక, ఆ పక్క వాళ్ల గిలక. లోపల నీళ్లు మాత్రం ఒకటే. వాళ్లు చేద వదిలితే మా పక్క నీళ్లు కూడా కదిలేవి.

నేను బడికి పోలేదు. పసితనంలో వచ్చిన జ్వరం నా ఎడమ కాలిని సన్నం చేసి పోయింది. అమ్మ ఇంట్లోనే కూర్చోబెట్టి తమిళం చదవడం, కూడికలు నేర్పింది. మా ఇంట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడేవాళ్లు, కానీ తెలుగు అక్షరం చదవగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. తెలుగంటే మాకు నోట్లో ఉండేదే కానీ కంటికి కనిపించేది కాదు. పక్కింటి అత్త నెల్లూరు పక్క నుంచి ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. ఆమెకు చదవడం, రాయడం వచ్చు. నాకు నేర్పమని ఎవరూ ఆమెను అడగలేదు. పొద్దున నీళ్లు చేదేటప్పుడు ఇటు పక్క దిగులుగా కూర్చున్న నన్ను చూసి ఆమే మొదలుపెట్టింది.

చేదలో వేలు ముంచి ఆ సన్న గోడ నెత్తి మీద ఒక అక్షరం రాసేది. అక్కడ సిమెంటు నున్నగా పూసి ఉండేది. అదే నా పలక. ఎండకు ఆరిపోయేలోపల నేను ఆ అక్షరాన్ని మనసులో పట్టుకోవాలి. ఆరిపోయాక మళ్లీ రాయమంటే, "యాడికి పోయిందో నువ్వే వెదుక్కో" అని నవ్వి బిందె ఎత్తుకొని వెళ్లిపోయేది. అంత దయగా నాకు ఇంకెవరూ ఏదీ నేర్పలేదు.

అక్షరాలు అయి గుణింతాలకు వచ్చాం. గుణింతం వరసగా రాయాలి కదా. వరస పొడుగై గోడ వెంట బావి నోటి మీదికి పోయింది. ఒకనాడు అత్త లోపల పొయ్యి మీద పాలు చూసుకోవడానికి వెళ్లింది. చివరి అక్షరాలు ఆరిపోతాయేమోనని నేను గోడ మీద బోర్లా పడుకొని ముందుకు జరిగాను. నా ముఖం కింద నీళ్లు, నీళ్లలో నా ముఖం. అప్పుడే పక్కింటి మామ కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చాడు.

ఆయన పెట్టిన కేకకు గోడ మీది కాకి లేచిపోయింది. "దిగవే! దిగు! ఎవరు ఎక్కమన్నారు నిన్ను? ఇంకొక తూరి ఈ గోడ ముట్టుకున్నావంటే చూడు!" ఆయన కళ్లు ఎర్రగా, చేతులు బిగుసుకొని ఉన్నాయి. నేను ఎట్లా దిగానో నాకు తెలియదు. కుంటుకుంటూ వచ్చి అమ్మ కొంగులో దూరాను. ఏం జరిగిందని అడిగితే ఏడుపే గానీ మాట రాలేదు. ఆ కేక మా ఇంట్లో అందరూ విన్నారు.

మా నాయనకు బజారులో బియ్యం అంగడి. మనిషి మెత్తన, కానీ నా కాలి సంగతి వస్తే ఆయనకు నిప్పు తొక్కినట్టు ఉండేది. "కాలు సరిగా లేని బిడ్డంటే అంత చులకనా? గోడ ముట్టుకుంటే మాసిపోతాదా?" అని మా పక్క నుంచి అరిచాడు. అంతకుముందు వాళ్లిద్దరూ ఒకరినొకరు బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్లు. ఆ సాయంత్రం నుంచి నాయన నోట ఆయన "ఆ మనిషి" అయ్యాడు.

తర్వాత ఇక చిన్నచిన్న సాకులు చాలు. మా సబ్బు నురగ వాళ్ల పక్క పడిందని ఒక మాట. వాళ్ల గిన్నెలు తోమిన బూడిద మా గట్టు మీదికి వచ్చిందని ఒక మాట. బావిలో సగం మాది అంటే సగం మాది. అత్త నీళ్లకు రావడం మానేసింది. ఎప్పుడైనా వచ్చినా తల వంచుకొని చేదుకొని పోయేది. చివరికి మామ, "ఈ గొడవంతా ఎందుకు, నడుమ నిలువెత్తు గోడ లేపేస్తా. ఎవురి మొగం ఎవురూ చూడబళ్లా" అన్నాడని విన్నాం. కోపంలో అన్నాడులే అనుకున్నాం. చేపలామె ఇటికెల సంగతి చెప్పాక తెలిసింది, అన్నంత పనీ చేస్తాడని.

నాయన అంగడి నుంచి వచ్చి విన్నాడు. సామాన్ల గదిలోకి పోయి గడ్డపార తెచ్చి పెరటి తలుపు వెనక ఆనించాడు. "వాడు ఒక వరస పెడితే నేను ఒక వరస పీకతా" అన్నాడు. ఆ ఇనుము గచ్చు మీద ఆనిన చప్పుడు ఇప్పటికీ నా ఒంట్లో ఎక్కడో ఉంది.

మా అవ్వ, అంటే నాయన తల్లి, తమలపాకు ఈనె తీస్తూ అడిగింది, "ఇటికెలన్నీ బావిలో పడితే నీళ్లు ఎవురు తాగతారు రా?"

"ఎవురూ తాగబళ్లా" అన్నాడు నాయన.

ఆ మాటకు నేను మరీ భయపడ్డాను. నీళ్లు లేకపోవడమంటే ఏమిటో నాకు తెలియదు గానీ, నాయన అట్లా మాట్లాడగలడని అంతవరకు తెలియదు. దేవుడి మూలకు పోయి పెరుమాళ్ పటం ముందు కూర్చున్నాను. ఏమని మొక్కుకోవాలో తోచలేదు. గోడ ఆగాలంటే నాయన గడ్డపార ఎత్తాలి. గడ్డపార ఆగాలంటే గోడ లేవాలి. గోడ లేస్తే అత్త లేదు, నా గుణింతం లేదు. రెండూ ఆపమని అడగవచ్చని నాకు తట్టలేదు. చేతులు జోడించుకొని ఊరికే కూర్చున్నాను. మనకు అడగడం చేతకానిది కూడా ఆయన వింటాడని నేను నమ్మడం అప్పటి నుంచే.

తెల్లవారింది. మేస్త్రీ వచ్చాడు. ఆ పక్క పెరట్లో సిమెంటు ఇసుక కలుపుతున్న పార చప్పుడు మొదలైంది. నాయన గడ్డపార పట్టుకొని తలుపు దగ్గర నిలబడ్డాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. నేను వసారా స్తంభాన్ని కావలించుకున్నాను.

అప్పుడు అవ్వ తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకొని, పసుపు గిన్నెతో పెరట్లోకి వచ్చింది. శుక్రవారం బావి గట్టుకు పసుపు రాయడం ఆమెకు అలవాటే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. గట్టుకు పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, దండం పెట్టింది. ఆ తర్వాత చీర కుచ్చెళ్లు గోచీలాగా దోపుకొని, గట్టెక్కి, ఆ సన్న గోడ మీద పాకుతూ పోయి సరిగ్గా బావి నడిమిన కూర్చుంది. ఒక కాలు మా పక్క, ఒక కాలు వాళ్ల పక్క. రెండు కాళ్ల కిందా నీళ్లు.

పార చప్పుడు ఆగిపోయింది.

"ఏం పాటీ ఇది? దిగు, దిగు" అన్నాడు మేస్త్రీ, అవ్వను తమిళంలో పిలుస్తూ.

"దిగతా లే. ముందు చెప్పు, నేను యాడ కూసోనుండా? మా ఇంట్లోనా, వాళ్లింట్లోనా? అది తేల్చి, ఆ తర్వాత నీ గోడ పెట్టుకో" అంది అవ్వ.

మేస్త్రీకి నవ్వొచ్చింది. "కాళ్లు చెరొకపక్క ఉండాయి సరే పాటీ, నడుమెవురికి రాసిస్తావు?"

"నడుం నొప్పి ఎవురు తీసుకుంటే వాళ్లకు" అని, అవ్వ పక్కింటి మామ వైపు తిరిగింది. "ఏం నాయనా, నీ పక్క కాలికి చీమ కుడతాంది. నీ హద్దులోది గదా, వచ్చి దులుపు. నా పక్క కాలు నా కొడుకు చూసుకుంటాడు."

నాయన, "అమ్మా, ఏందిది, దిగు" అన్నాడు. గొంతులో కోపం లేదు, బెదురు ఉంది. అవ్వ చెయ్యి ఊపింది. ఆ ఊపులో గోడ అంచు సిమెంటు పెచ్చు ఒకటి ఊడి కిందికి పోయింది. అది నీళ్లలో పడిన శబ్దం బావిలోంచి పైకి వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను.

కళ్లు తెరిచేసరికి పక్కింటి మామ మోకాళ్ల మీద ఉన్నాడు. బావి గట్టు పట్టుకొని, రెండో చెయ్యి అవ్వ వైపు చాచి, ముట్టుకుంటే పడిపోతుందేమోనన్నట్టు గాలిలోనే ఆపేశాడు. ముఖంలో రక్తం లేదు. మమ్మల్ని అందర్నీ అన్నాళ్లు హడలగొట్టిన ఆ గొంతు పిల్లవాడి గొంతులాగా వచ్చింది. "కదలొద్దవ్వా. కదలొద్దు. నీ కాళ్లు మొక్కతా. మా పాప ఇట్లనే... ఇట్లనే కూసోని..."

అత్త పరుగున వచ్చి ఆయన నోటి మీద చెయ్యి పెట్టింది. "బావి కాడ ఆ మాట ఎత్తబాకండి!"

మా పెద్దవాళ్లలో ఒక గట్టి పట్టింపు ఉండేది. నీళ్లలో పోయినవాళ్ల సంగతి బావి దగ్గర నోరెత్తి చెప్పకూడదు. గంగమ్మ వింటుంది, విన్నది మళ్లీ అడుగుతుంది అని భయం. ఇంట్లో బావి ఉన్నవాళ్లు ఆ ఇంట్లోనే ఆ మాట ఎత్తరు. ఆయనా ఎత్తలేదు, ఎన్నేళ్లుగానో.

అవ్వ అక్కడే, ఆ గోడ మీదే కూర్చొని, ఎగతాళి అంతా మానేసి చెప్పింది. "చెప్పనీ మ్మే. ఆ తల్లికి తెలియంది ఏముండాది? మనుషులకే గదా తెలియంది. చెప్పు నాయనా."

ఆయన చెప్పాడు. ఆయన పిల్లవాడుగా ఉన్నప్పుడు, వాళ్లు ఇంకా పల్లెలో ఉండేటప్పుడు, పెద్దవాళ్లు కోతకు పోతూ చెల్లెలిని చూసుకోమని ఆయనకు అప్పజెప్పి పోయారట. ఆ పాప గట్టెక్కి, నీళ్లలో తన ముఖం చూసుకుంటూ కూర్చుందట. ఆయన దూడ తాడు తెంచుకుంటే పట్టుకోవడానికి అటు తిరిగాడట. అంతే. శబ్దం వినిపించిందే గానీ పాప పడింది చూడలేదట. "ఆ పొద్దు మీ బిడ్డను ఈ గోడ మీద చూసినాను" అన్నాడు నాయనతో, తల ఎత్తకుండా. "అరిచినాను. ఇంకేం చెయ్యాలో తెలవలేదు. చెప్పుకొనేదానికి లేదు. అందుకని నిలువెత్తు గోడ పెట్టేస్తే యా బిడ్డా ఎక్కదు గదా అనుకొన్నా. మీరు సబ్బు నీళ్లని కొట్లాటకు వస్తే, సబ్బు నీళ్లకే అనుకోనీలే అని ఊరుకొన్నా."

మేస్త్రీ తాపీ కింద పెట్టేశాడు. నాయన చేతిలో గడ్డపార లేదు. దాన్ని ఎప్పుడు వదిలేశాడో నేను చూడలేదు. మెల్లగా గట్టు దగ్గరికి వచ్చి ఈ పక్క నుంచి అవ్వ చంకలో చెయ్యి వేశాడు. ఆ పక్క నుంచి మామ వేశాడు. ఇద్దరూ కలిసి ఆమెను గోడ వెంట గట్టు మీదికి జరుపుకొచ్చారు. గట్టు చేరాక అవ్వ, "యా పక్క దింపతారో మీరే తేల్చుకోండి" అంది. ఆ పరిస్థితిలో కూడా ఆమె ఊరుకోలేదు.

నాయన, "నీ పక్కే దించు బావా" అన్నాడు.

ఆ ఒక్క పిలుపుతో మా అమ్మ వసారాలో కూలబడి ఏడ్చేసింది. అవ్వ వాళ్ల పెరట్లో దిగి, వాళ్ల ఇంట్లో కాఫీ తాగి, వీధి మీదుగా తిరిగొచ్చింది.

గోడ లేవలేదు. తెచ్చిన ఇటికెలతో రెండు పక్కలా బావి గట్టును నా రొమ్మంత ఎత్తు లేపారు. బావి నోటి మీద, ఆ సన్న గోడ మీదుగా, ఇనుప కమ్మీల మూత వేయించారు, చేద దిగేంత సందు వదిలి. వాళ్ల సగం మామ వేయించాడు, మా సగం నాయన వేయించాడు. రెండు సగాలూ ఒకే కమ్మరి చేశాడు కాబట్టి అతుకు కూడా కనిపించేది కాదు. మిగిలిన ఇటికెలతో మామ మేస్త్రీ చేత, బావికి ఎడంగా, నడిమి గోడకు ఆనించి మా పక్కన చిన్న అరుగు కట్టించాడు. నేను కూర్చోవడానికి. అక్కడ గోడ ఎత్తుగా ఉందని ఒక మనిషి తల పట్టేంత కిటికీ కూడా పెట్టించాడు. ఆ కిటికీ గడప మీద అత్త మళ్లీ నీళ్లతో రాసింది, నేను మళ్లీ పట్టుకున్నాను. ఈ రోజు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ గడప మీద పడిన నీళ్ల చలవే.

కొన్నాళ్ల తర్వాత నేను అవ్వను అడిగాను, నీకు ముందే తెలుసా అని. నవ్వింది. "నాకేం తెలుసు, ఆయప్ప కడుపులో అంత బెదురు దాచుకోనుండాడని? గోడ ఆపేదానికి ఎక్కినా. ఎక్కినాక తెలిసింది ఎంత తప్పు పని చేసినానో. బెదురుకు పెరుమాళ్ పేరు కూడా నోటికి రాలేదు." ఆ మాట విన్నాక నాకు ధైర్యం వచ్చింది. ఆ రోజు ఆ పెరట్లో భయపడింది నేనొక్కదాన్నే కాదు. గడ్డపార పట్టుకున్న నాయన భయపడ్డాడు, గోడ మీది అవ్వ భయపడింది, అందరికంటే ఎక్కువ భయపడిన మనిషే అందరికంటే గట్టిగా అరిచాడు.

ఇప్పుడు నేను పుదుచ్చేరిలోనే లాస్‌పేటలో ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. బావి లేదు, ట్యాంకు ఉంది. మేడ మీద బట్టలు ఆరేసే తీగల గురించి, మెట్ల కింద బండ్లు పెట్టుకోవడం గురించి ఎప్పుడూ ఏదో ఒక మాట లేస్తూనే ఉంటుంది. మొన్న మేడ తలుపుకు ఎవరో సొంతంగా తాళం వేశారని అసోసియేషన్ మీటింగులో అందరూ ఒకేసారి లేచి అరిచారు. నాకు ఇప్పటికీ గట్టి గొంతులంటే చేతులు చల్లబడతాయి. అయినా మీటింగు అయ్యాక, తాళం వేసిన వాళ్ల ఇంటికి పోయి కూర్చుంటాను. "ఏంది బాబూ, నీకు దేనికి భయం?" అని అడుగుతాను. కొన్నిసార్లు ఏమీ ఉండదు. ఊరికే తాళం వేసుకోవాలనిపించి వేసుకున్నవాళ్లూ ఉంటారు. కొన్నిసార్లు మాత్రం ఆ మనిషి తల దించుకుంటాడు, నేను కొంచెంసేపు ఎదురుచూస్తాను. గట్టిగా అరిచే మనిషిని చూస్తే భయపడుతూనే ఆ మనిషి పక్కన కూర్చోవడం, అదొక్కటే ఆ రోజు నుంచి నాతో వచ్చింది. అది ఇచ్చిన దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను.

అవ్వ లేదు. నాయన, అమ్మ లేరు. అత్తా మామా కూడా పోయారు. వాళ్లందరినీ తలుచుకోవడానికి మా ఇళ్లలో పిల్లలున్నారు, పటాలున్నాయి. కానీ ఆ పల్లె బావి గట్టు మీద కూర్చొని నీళ్లలో తన ముఖం చూసుకున్న పాపను తలుచుకోవడానికి ఇప్పుడు నేను తప్ప ఎవరూ లేరు. ఆమెను నేను చూడలేదు. పాప అనడమే గానీ ఆమె పేరు మామ చెప్పలేదు, నేను అడగలేకపోయాను. ఆమె వల్లే మా బావికి మూత వచ్చింది, అందులో ఏ బిడ్డా పడలేదు. మీరెవరైనా ఇది చదివితే, మీ ఇంట్లో నీళ్లు పట్టుకునేటప్పుడు ఒక్కసారి, పేరు తెలియకపోయినా, ఆ పాపను తలుచుకోండి.